ఎండీ గారి మెయిలు మాకూ ఒక కాపీ

డేటా రక్షణ చట్టం నిబంధనలు మొత్తానికి 2025 నవంబరులో గెజిట్‌కెక్కాయి. చట్టం 2023ది, నిబంధనలు 2025వి, అసలు సెక్షన్లు అమలయ్యేది ఆ తర్వాత 18 నెలలకు. తొందరేముంది లెండి! అన్నిట్లోకీ నాకు నచ్చింది ఏడో సెక్షన్. యజమానిని నష్టం నుంచి కాపాడే పనైతే ఉద్యోగి డేటా, అంటే ఆఫీసు మెయిళ్లు కూడా, వాడుకోవడానికి ఆ ఉద్యోగి అనుమతి అక్కర్లేదు. అనుమతే అడగనప్పుడు నోటీసు మాత్రం ఎందుకు? అదీ అక్కర్లేదు.

చల్లని సెక్షన్. కాకపోతే నష్టం యజమానులకే వస్తుందా, ఉద్యోగికి రాదా? అందుకని నాదో చిన్న సవరణ. ఎండీ గారికొచ్చే, ఆయన పంపే ప్రతి మెయిలూ ఉద్యోగులందరికీ ఒక కాపీ వెళ్లాలి. ఆయనకు తెలియకుండా.

అప్పుడు చూడాలి ముచ్చట. ‘మార్కెట్ బాగాలేదు, ఈసారి హైకులు లేవు’ అని ఆయన టౌన్‌హాల్లో గొంతు సవరించుకునేలోపే, వెనక వరసలోంచి అకౌంట్స్ సుబ్బారావు లేచి, బోర్డుకు ఆయనే రాసిన లాభాల మెయిలు పైకి చదువుతాడు. శుక్రవారం తీసేయబోయేవాళ్ల జాబితా బుధవారమే ప్యాంట్రీలో టీ కప్పులతో పాటు తిరుగుతుంది. హెచ్‌ఆర్ వాళ్లు ల్యాప్‌టాప్ లాక్కోవడానికి వచ్చేసరికి మనవాడు పక్క బిల్డింగులో చేరిపోయి ఉంటాడు. ‘ఆఫీసులో పనుంది, రాత్రి ఆలస్యమవుతుంది’ అని ఆయన ఇంటికి మెయిలు కొడితే, గేటు దగ్గర సెక్యూరిటీ అతను ‘ఆరింటికే కారెక్కారు కదండీ’ అని వినయంగా జవాబిస్తాడు. ఇదంతా కుతూహలం అనుకునేరు, నష్ట నివారణ! ‘మనమంతా ఒకే కుటుంబం’ అని ప్రతి దీపావళికీ స్వీటు డబ్బాతో పాటు పంచేది ఆయనే కదా.

సాంకేతికంగా చిక్కేమీ లేదు. ఉద్యోగి తన ఆఫీసు మెయిళ్లు బయటికి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకుంటే మైక్రోసాఫ్ట్ 365 ఆ సంగతి అడ్మిన్ చెవిన వేస్తుంది. అదే అడ్మిన్ ఆ ఉద్యోగి మెయిళ్లను గుట్టుగా మేనేజరుకు మళ్లిస్తే, ఉద్యోగి ఇన్‌బాక్స్‌లో చీమ కూడా చిటుక్కుమనదు. ఆ గుట్టు మళ్లింపేదో ఎండీ గారి వైపు తిప్పితే సరి.

ఉద్యోగుల మెయిళ్లు చదవొద్దని ఎవరూ అనడం లేదు. కంపెనీ మెయిలు కంపెనీదే. చదువుతున్నామని ఒక్క ముక్క చెప్పడానికి ఏం రోగం? న్యూయార్క్ రాష్ట్రంలో 2022 మే నుంచి ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ మాట రాసిచ్చి సంతకం తీసుకోవాలి, అందరికీ కనబడేచోట అంటించాలి. అక్కడి ఆఫీసు గోడకు పట్టిన కాగితం అదే కంపెనీ గచ్చిబౌలి గోడకు పట్టదా? ఇక్కడ ‘నా గురించి ఏం పోగేశారు’ అని అడిగే హక్కును కూడా పదకొండో సెక్షన్ అనుమతి ఇచ్చినవాళ్లకే ఇచ్చింది. అనుమతి అడగనే అడగలేదు, ఇక హక్కెక్కడిది?

మేనేజరు వేధిస్తున్నాడని ఒక అమ్మాయి ఆఫీసు మెయిలు నుంచే అంతర్గత కమిటీకి రాస్తుంది. ఆ ఫిర్యాదు గోప్యంగా ఉంచాలని 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెబుతోంది. ఆమె మెయిళ్ల కాపీ వెళ్తున్నది ఆ మేనేజరుకే అయితే, ఆ సంగతి ఆమెకు చెప్పేదెవరు? అందువల్ల యజమానికి తప్పిన నష్టమేమిటో ఏడో సెక్షన్ రాసినవాళ్లు వచ్చి ఆమె ముందు నిలబడి చెప్పాలి.