తీసేసిందే మళ్లీ ఇస్తాం, చప్పట్లు కొట్టండి

రాత్రి ఆపేసిన కంప్యూటర్ పొద్దున్నే తెరిస్తే రాత్రి ఉన్నట్టే ఉండాలనుకోవడం పెద్ద గొంతెమ్మ కోరికేం కాదు. మైక్రోసాఫ్ట్ వారికి మాత్రం ఇంతకు మించిన వెనకబాటుతనం ఉండదు.

స్టార్ట్ బటన్ సంగతే చూడండి. 1995 ఆగస్టులో విండోస్ 95తో వచ్చింది. రోలింగ్ స్టోన్స్ పాట కొని మరీ ఊరేగించారు. ఆపడానికి స్టార్ట్ నొక్కడమేమిటని కొన్నాళ్లు నవ్వుకున్నాం. తర్వాత కళ్లు మూసుకున్నా మౌస్ ఎడమ మూలకే పోయేది. పదిహేడేళ్లు అలా గడిచాక, 2012లో విండోస్ 8 వచ్చి ఆ బటన్‌నే ఎత్తేసింది. దాని బదులు తెర నిండా రంగురంగుల పలకలు పరిచింది. కంప్యూటర్ ఎలా ఆపాలో తెలియక జనం తల పట్టుకుంటే, 2013లో 8.1 పేరుతో బటన్ తిరిగిచ్చారు. నొక్కితే మళ్లీ ఆ పలకలే! అసలు మెనూ రావడానికి 2015లో విండోస్ 10 దాకా ఆగాల్సొచ్చింది. బటన్ ఒక విడత, మెనూ ఒక విడత. మన ప్రభుత్వాలు డీఏ బకాయిలు ఇచ్చినట్టు.

విండోసుల్లో ఇదే ఆఖరిదని ఆ ఏడాదే కంపెనీ ఉద్యోగి ఒకాయన సభలో అన్నాడు కూడా. అందరం ఊపిరి పీల్చుకున్నాం. 2021 అక్టోబరులో విండోస్ 11 దిగింది.

ఈసారి బటన్ జోలికి పోలేదు, నడిమధ్యకు జరిపి కూర్చోబెట్టారంతే. (సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఎడమకు జరుపుకోవచ్చు, లేదనకూడదు.) టాస్క్‌బార్‌ను తెర పైకో పక్కకో పెట్టుకునే వీలు తీసేశారు. ఫైలును లాగి టాస్క్‌బార్ మీద వదిలితే కుదరదన్నారు. తెరిచిన విండోల పేర్లు మాయం. రైట్ క్లిక్ చేస్తే కట్, కాపీ, పేస్ట్ అనే మాటల్లేవు, చీమంత బొమ్మలున్నాయి. మనకు కావలసింది 'షో మోర్ ఆప్షన్స్' చాటున దాక్కుంది.

ఆ తర్వాత మొదలైంది దానధర్మం. 2022లో లాగి వదలడం తిరిగిచ్చారు. 2023లో విండోల పేర్లు. 2024లో ఆ బొమ్మల పక్కన మాటలు. ప్రతిదీ కొత్త ఫీచరే! వినియోగదారుల కోరిక మేరకు తిరిగిచ్చినట్టే లెక్క. తీసేయమని కోరిన వినియోగదారుడెవరో మాత్రం ఇంతవరకూ కనపడలేదు.

పోనీ అడుగుదామా అంటే పై కుర్చీలో ఉన్నది సత్య నాదెళ్ల, మన హైదరాబాద్‌లో పుట్టినాయన. 2014లో వచ్చారు కాబట్టి ఎనిమిది పాపం ఆయన ఖాతాలో పడదు. పదకొండు పడుతుంది. మనవాడే కదా అని మొహమాటం.

ఇదంతా విండోస్ 11 ఎక్కనిచ్చిన వాళ్ల బాధ. ఎక్కనివ్వని వాళ్లది ఇంకోటి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలట, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయట. నిక్షేపంలా తిరుగుతున్న కంప్యూటర్‌కు ఒక్కరోజులో అర్హత పోయింది. అలాగని విండోస్ 10లోనే ఉండనిస్తారా అంటే, 2025 అక్టోబరు 14తో దానికి సపోర్ట్ ఆపేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు కావాలంటే ముప్పై డాలర్లు కట్టమన్నారు, లేదా మన సెట్టింగులు వాళ్ల ఖాతాలో దాచుకోమన్నారు. సాఫ్ట్‌వేర్‌లో కొత్తది ఇవ్వనందుకు రుసుము తీసుకునే వ్యాపారం చూశాం, ఇక చూడాల్సిందేమీ లేదు.

మన డీటీపీ సెంటర్ల వాళ్లు ఈ రోగానికి ఎప్పుడో మందు కనిపెట్టారు. అప్‌గ్రేడ్ కాకపోవడం. వాళ్ల ప్రాణం పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో ఉంది. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది, ఆ వరసలో అదే ఆఖరిది. అను అక్షరాలు యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే శుభలేఖ కాస్తా క్షుద్రపూజ యంత్రంలా కనపడుతుంది. అందుకే ఏ అప్‌డేటూ దూరకుండా ఆ మూల కంప్యూటర్‌కు నెట్ వైరు పీకేసి ఉంటుంది. కీబోర్డు మీద అచ్చులూ హల్లులూ ఎప్పుడో అరిగిపోయాయి, ఆపరేటర్ దాన్ని చూడడు కూడా. మాఘమాసపు ముహూర్తాలు నెత్తిమీదున్నప్పుడు ఆయన్ని అడిగి చూడండి.

"ఇంకా విండోస్ సెవెనేనా అన్నా?"

"ఏం తమ్ముడూ, పెళ్లికూతురి పేరులో తప్పొచ్చిందా?"

రాలేదు. గుండ్రటి అక్షరాలు, మూలన వినాయకుడు, 'మా ఇంటి పెళ్లికి తప్పక రావాలి' అంటూ మేనకోడలి ముద్దుమాటలు, అన్నీ ఎక్కడివక్కడే. మనం పెన్‌డ్రైవ్ తీసి సీపీయూ వైపు వంగితే మాత్రం ఆయన చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే నిలిచిపోయిన ఆ యంత్రానికి అదొక్కటే యాంటీవైరస్.