జార్ పట్టుకెళ్లి చూశారా?

ముందే ఒప్పుకుంటున్నాను. తప్పు కంప్యూటర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది కాదు, మా ఆవిడది అసలే కాదు. ఈ మాట నా నోట రావడానికి నాలుగు రోజులు పట్టింది.

కథ రెండేళ్ల వెనక, మా వంటింట్లో మొదలైంది. మిక్సీ మోటారు కాలిపోతే మా ఆవిడ దసరా ఆఫర్లో కొత్తది కొంది. పాత జార్లు మూడూ బంగారంలా ఉన్నాయి, వాడుకోవచ్చనుకుంది. తీరా చూస్తే ఒక్కటీ కొత్తదాని మీద కూర్చోలేదు. జార్ కింద ఉండే పళ్లచక్రం కొలత వేరట. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. "కొనేముందు ఒక జార్ పట్టుకెళ్లి చూడాలన్న ఇంగితం ఉండద్దూ?" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. పచ్చడి జార్ కడిగి, తుడిచి, నా బల్ల మీద పెట్టి, అందులో నా పెన్నులు వేసింది. పొదుపు అనుకుని మెచ్చుకున్నాను కూడా.

ఇక నా సంగతి. నాకో రోగం ఉంది. స్క్రీన్ మీద ఎర్రటి బొట్టులో ఒకటి అంకె కనబడితే అన్నం సహించదు. అది పోయేదాకా నొక్కుతూనే ఉంటాను. మొన్నామధ్య మా అబ్బాయి ఇచ్చిన మ్యాక్ ల్యాప్‌టాప్ కొత్త ఆపరేటింగ్ సిస్టం వచ్చిందని బొట్టు పెట్టుకుని కూర్చుంది. దాని పక్కనే ఇంకో చీటీ వచ్చింది. హార్డ్ డిస్క్ కోసం కొన్న డ్రైవర్ తాలూకు చీటీ అది. కొత్త సిస్టంకు సరిపడే వెర్షన్ ఇంకా తయారవలేదు, కాస్త ఆగమని దాని సారాంశం. చదివితే ఆగాల్సి వస్తుందని చదవకుండానే మూసేశాను.

ఇంకో 29 నిమిషాలని మూడుసార్లు మాట తప్పి, రాత్రి ఒంటిగంటకు పని ముగిసింది. పొద్దున్నే మనవరాలి అన్నప్రాశన ఫొటోలు దాచుదామని డిస్క్ తగిలించాను. పదకొండేళ్ల ఫొటోలు చక్కగా తెరుచుకుంటున్నాయి. మా అమ్మాయి పెళ్లిలో నా పంచె జారిన ఫొటో కూడా భద్రంగా ఉంది. కొత్తవి మాత్రం ఒక్కటీ లోపలికి పోవడం లేదు.

కేబుల్ మార్చాను. డిస్క్‌ని తలకిందులు చేశాను. కన్నంలోకి నోటితో ఊదాను. చదువుకున్న చదువంతా అయిపోయాక, నేరస్థుణ్ణి వెతకడం మొదలుపెట్టాను.

"దీన్ని ఎవరు దులిపారు?"

"మీ బల్ల మీద ఏదైనా దులపనిస్తేగా!" అంది ఆవిడ.

చివరికి డిస్క్‌ని బాగుచేసే కిటికీ ఏదో తెరిచాను. అందులో ఉన్న మీటల్లో నాకు అర్థమైంది ఒక్కటే: చెరిపెయ్యమనేది. వేలు దానిమీదికి వెళ్తుండగా కాఫీ వచ్చింది. మా ఇంటి పదకొండేళ్ల చరిత్ర ఆ కాఫీ వల్ల మిగిలింది.

అబ్బాయికి ఫోన్ చేశాను. "నాన్నా, డిస్క్‌కి ఏమీ కాలేదు. అది ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది, అంతే" అన్నాడు. అది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన పద్ధతట. నా పాత విండోస్ కంప్యూటర్ దగ్గర పెరిగిన డిస్క్ కాబట్టి దానికి ఆ రాతే వచ్చు. మ్యాక్ ఆ రాతను చదువుతుంది కానీ, తనంతట తాను అందులో రాయదు. రాయించడానికి మధ్యలో దుబాసీలా ఆ డ్రైవర్ కొన్నాం. అలాంటి డ్రైవర్లకు కెర్నెల్ అనే గర్భగుడిలో చోటుండేది. బయటివాళ్లను అక్కడికి రానివ్వడం భద్రత కోసం ఏటికేడూ తగ్గిస్తున్నారు. సిస్టం మారినప్పుడల్లా దుబాసీ కొత్త పాసు తెచ్చుకోవాలి. నేను అతన్ని బయట నిలబెట్టి తలుపేశానన్నమాట.

"అప్‌గ్రేడ్ చేసేముందు డ్రైవర్ దానికి సరిపోతుందో లేదో చూశావా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. వంటింట్లో మిక్సీ ఆగింది.

"జార్ పట్టుకెళ్లి చూడలేదురా మీ నాన్న" అంది ఆవిడ.

కొత్త డిస్క్ కొన్నాను. ఫ్యాట్32 పెట్టేద్దామన్నాను, ఏదో తెలిసినట్టు. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదట. ఆ లెక్కన మా పెళ్లి వీడియో జీలకర్ర బెల్లం దాకా కూడా రాదు. మ్యాక్, విండోస్ రెండూ చదివి రాసేది ఎక్స్‌ఫ్యాట్, 2006లో వచ్చింది. దానికీ ఒక లోపం ఉంది. ఎంతవరకు రాసిందో చిట్టా ఉంచుకోదు కాబట్టి, ఎజెక్ట్ కొట్టకుండా లాగేస్తే ఉన్న ఫైళ్లు చెడిపోవచ్చు.

"స్విచ్ ఆపకుండా జార్ తీస్తే పచ్చడి గోడకెక్కినట్టు" అని ఆవిడ తేల్చేసింది. అబ్బాయి పావుగంట చెప్పినదానికంటే ఇదే నాకు బాగా అర్థమైంది.

రాత్రంతా కాపీ నడిచింది. పాత డిస్క్‌ని చెరపకుండా రెండో కాపీగా బీరువాలో పెట్టాం.

నిన్న ల్యాప్‌టాప్ మళ్లీ బొట్టు పెట్టుకుంది. వేలు లేచింది కానీ, ఎదురుగా పచ్చడి జార్ ఉంది. అందులోంచి పెన్ను తీసి, ల్యాప్‌టాప్‌కి తగిలించే వస్తువుల పేర్లు కాగితం మీద రాశాను. డిస్క్, ప్రింటర్, స్కానర్. స్కానర్ దగ్గర పెన్ను ఆగింది. మొన్నటి అప్‌గ్రేడ్ తర్వాత దాన్ని ఒక్కసారీ తగిలించి చూడలేదు.

చూస్తాను. ఆవిడ పుట్టింటికి వెళ్లనీండి.