ఫోనులో వీణ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ఫోనులోన వీణ పొందిగా నొదిగెను
తాక మోగు గాని తంత్రి లేదు
చోటు చాలదనుచు సూచన వచ్చెను
ఏది చెరపవలెనొ యెరుగ వశమె!

అవతారిక

మెదక్ సీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసును వ్యాఖ్యానించాడు. ప్రస్తుత టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. కవి అజ్ఞాతుడు. అతని ఫోను 64 జీబీదై ఉంటుందని మూడో పాదాన్ని బట్టి ఊహ. ఆ కవి శాంపిల్ సింథసైజర్ యాప్ ఒకటి దించుకున్నాడు. అనగా, నిజమైన వాద్యాన్ని ముందే రికార్డు చేసి, ఆ ధ్వనుల్ని ముక్కలుగా దాచి, తెర మీద కీ నొక్కినప్పుడల్లా తగిన ముక్కను వినిపించే యాప్. ఆ తర్వాత జరిగినదే పద్యం.

ప్రతిపదార్థం

ఫోనులోనన్ = జేబులో పట్టే ఫోనునందు; వీణ = వీణ కాదు, ఎవరో ఎక్కడో ఒకనాడు మైకు ముందు మీటిన వీణ తాలూకు ధ్వని; పొందిగాన్ = ఎలాగో కింద చూడుడు; ఒదిగెను = ఒదిగినట్టు కనబడెను; తాకన్ = అద్దాన్ని వేలితో ముట్టగా; మోగున్ = ఒక్క రవ్వ ఆగి మోగును; కాని = పద్యానికి ఆయువుపట్టు ఇదే; తంత్రి లేదు = లాగడానికి తీగ లేదు; చోటు చాలదు అనుచున్ = స్టోరేజీ నిండినదని; సూచన = నోటిఫికేషను; వచ్చెను = సరిగ్గా పల్లవి ఎత్తుకున్నప్పుడే వచ్చెను; ఏది చెరపవలెనొ = యాపునా, మేనకోడలి పెళ్లి వీడియోనా, వాట్సాప్‌లో పేరుకున్న శుభోదయం బొమ్మలనా; ఎరుగన్ వశమె = తేల్చుకోవడం మానవమాత్రుడి తరమా.

తాత్పర్యం

వీణ ఉంది, వాయించడం కుదరదు, చోటూ లేదు.

విశేషాలు

పొందిగాన్: కవి తేలిగ్గా అనేశాడు గాని ఈ మాట వెనక చాలా లెక్క ఉంది. సీడీ నాణ్యతలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలత 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు చానెళ్లు. వెరసి సెకనుకు 1,76,400 బైట్లు. పియానోకు 88 కీలు. ఒక్కో కీని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, మరీ గట్టిగా నాలుగు రకాల వత్తిడితో, పదేసి సెకన్ల చొప్పున రికార్డు చేశామనుకోండి. ఒక్క పియానోకే 62 కోట్ల బైట్లు దాటుతుంది. ఇంకా పెడల్ తొక్కలేదు.

మరి ఫోనులో ఎలా ఒదిగింది? కోత వల్ల. మూడు నాలుగు కీలకు కలిపి ఒకే ధ్వని తీసుకుంటారు. మిగతా కీలకు దాన్నే వేగం మార్చి వినిపిస్తారు. అర స్వరం పెంచాలంటే సుమారు ఆరు శాతం వేగంగా నడపాలి. స్థాయి పెంచాలంటే రెట్టింపు వేగం, అప్పుడు నాదం నిడివి సగానికి పడిపోతుంది. ధ్వని మొదటి తాకిడిని మాత్రం పూర్తిగా ఉంచి, తోకలోంచి చిన్న ముక్క కత్తిరించి దాన్నే గిరగిరా తిప్పుతారు. కత్తిరింపు బాగా కుదిరితే చెవికి తెలియదు. కుదరకపోతే ప్రతి స్వరం చివర సన్నని వణుకో, టిక్కుమనే చప్పుడో వినిపిస్తుంది. యాపు కొనే ముందు మంద్రంలో ఒక కీని పట్టుకుని అలాగే ఉండి వినండి. ప్రకటనలో చెప్పనిదంతా ఆ కీ చెబుతుంది.

కోత అంటే నాసిరకం అని తొందరపడవద్దు. 1988లో కోర్గ్ కంపెనీ ఎం1 అనే కీబోర్డు తెచ్చింది. అందులోని శాంపిళ్ల భాండారం మొత్తం 4 ఎంబీ. ఇవాళ ఫోనులో తీసిన ఒక ఫోటో అంత. ఆ కాస్తలోనే పియానో, ఆర్గన్, వేణువు, డ్రమ్ములు అన్నీ. దాని పియానో, ఆర్గన్ ధ్వనుల మీద హౌస్ సంగీతం ఒక తరం నడిచింది. 2015లో అదే కంపెనీ దాన్ని ఐఎం1 పేరుతో ఐప్యాడ్‌లోకి దించింది. జీబీల లెక్కన ధ్వనులు నింపిన యాపులు కొన్ని దాని ముందు చప్పగా ఉంటాయని ఈ టీకాకారుడి మతం. విభేదించేవారు విభేదించవచ్చు.

తాకన్: అద్దానికి గట్టి దెబ్బ, మెత్తని దెబ్బ అని తేడా తెలియదు. అందుకని యాపులు ఉపాయాలు పన్నాయి. 2011లో ఐప్యాడ్‌కు వచ్చిన గ్యారేజ్‌బ్యాండ్, వేలు పడ్డప్పుడు పలక మొత్తం ఎంత అదిరిందో లోపలి కదలిక సెన్సరుతో కొలిచి, దాన్నే దెబ్బ బలంగా లెక్కగట్టింది. తెలివైన పనే. కొన్ని యాపుల్లో కీ పైభాగాన తాకితే మెత్తగా, కిందిభాగాన తాకితే గట్టిగా పలుకుతుంది. చేతికి ఇది బొత్తిగా అలవాటు లేని విద్య. దెబ్బ బలం తెలిసే చిన్న మిడి కీబోర్డు ఒకటి యూఎస్‌బీ కేబులుతో ఫోనుకు తగిలిస్తే ఈ బాధ తీరుతుంది.

మోగున్: ఆండ్రాయిడ్ తొలి తరాల ఫోన్లలో చాలావాటికి వేలు పడ్డాక ధ్వని రావడానికి సెకనులో పదో వంతుకు పైగా పట్టేది. అంత ఆలస్యంతో తాళం వేయడం అసాధ్యం. 2017లో ఆండ్రాయిడ్ 8తో పాటు ఏఆడియో అనే కొత్త దారి వేశాక పరిస్థితి మెరుగుపడింది. అయితే బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ ఆలస్యం మళ్లీ మొదటికొస్తుంది. తప్పు యాపుది కాదు, చెవిలో ఉన్నదానిది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాడండి. పద్యంలో 'తంత్రి లేదు' అన్నది దీని గురించేనని కొందరు అంటారు. సరసమైన వ్యాఖ్యే గాని ప్రకరణానికి పొసగదు.

తంత్రి లేదు: ఇక్కడ కాస్త ఆగాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమానును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. కుండ, దండి అంతా ఒకే మాను. మెట్టు మీద తీగను వేలితో పక్కకు లాగినప్పుడు తీగ బిగుతు పెరిగి స్వరం పైకి పోతుంది. కాని కుండ అంతే ఉంటుంది, పనసచెక్క అలాగే పలుకుతుంది. గమకం ఎంత ఊగినా ఒకే వీణ పలికినట్టుండేది అందుకే. శాంపిల్ విషయం వేరు. రికార్డయిన ముక్కలో తీగ నాదం, కుండ నాదం కలిసిపోయి ఉంటాయి. స్వరం పెంచడానికి వేగం పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి. అనగా గమకం వేసిన ప్రతిసారీ వీణ కుండ కుంచించుకుపోయి మళ్లీ ఉబ్బుతుంది! తోడి గాంధారాన్ని ఊపబోతే బొమ్మవీణ ఏడ్చినట్టు వినబడడానికి కారణం ఇదే. దీనికి తోడు, కీబోర్డులో స్వరాన్ని వంచే బెండు మామూలుగా అటు రెండు ఇటు రెండు అర స్వరాల దాకానే పోతుంది. ఆ హద్దును సెట్టింగుల్లో పెంచవచ్చు. కుండ సంగతికి చాలా యాపుల్లో సెట్టింగు లేదు.

శంక: ఐప్యాడ్ మీద కర్ణాటక సంగీతం శుభ్రంగా వాయించేవారు ఉన్నారు కదా? మహేశ్ రాఘవన్ వంటివారు గమకాలతో సహా వాయిస్తారు కదా?

సమాధానం: ఉన్నారు. ఆయన చేతిలో ప్రసిద్ధమైన జియోష్రెడ్ మూలతః శాంపిళ్ల యాపు కాదు. తీగ ఎలా కంపిస్తుందో గణితంతో అప్పటికప్పుడు లెక్కగట్టి ధ్వనిని పుట్టిస్తుంది. వేలు అద్దం మీద జారితే లెక్కలోని తీగ జారుతుంది. కనుక ఈ ఉదాహరణ కవి మాటనే బలపరుస్తున్నది.

శంక: అయితే శాంపిళ్లు దేనికీ పనికిరావా?

సమాధానం: ఒకసారి కొట్టాక మనిషి జోక్యం లేకుండా తనంత తాను మోగి ఆరిపోయే వాద్యాలకు ఇంతకు మించినది లేదు. పియానో, గంట, జేగంట, డప్పు. తంబూర అయితే మరీను. కచేరీ వేదిక మీద గాయకుడి పక్కన ఫోను బోర్లించి ఉంటే అది కాల్ కోసం కాదని శ్రోతలందరికీ తెలుసు. అక్కడా ఒక మెలిక ఉంది. ఒకటో శ్రుతిలో రికార్డు చేసిన తంబూరనే వేగం పెంచి ఐదున్నరకు ఎక్కిస్తే నాదం నిడివి మూడో వంతుకు పైగా తగ్గి, తంబూర కాస్తా పలచనవుతుంది. మంచి యాపులు శ్రుతికొక రికార్డింగు పెట్టుకుంటాయి. మృదంగానికి వేరే చిక్కు. ఒకే 'తా' పదిసార్లు వరసగా పడితే పదీ అచ్చుగుద్దినట్టుంటాయి. ఏ విద్వాంసుడి చేతా ఆ నేరం జరగదు. ఒక్కో దెబ్బకు నాలుగైదు రికార్డింగులు పెట్టి వంతులవారీగా వినిపించడం దీనికి మందు. మళ్లీ చోటు తింటుంది.

చోటు చాలదనుచున్: ఈ బాధ కొత్తది కాదు. 1963లో బర్మింగ్‌హామ్‌లో తయారైన మెలోట్రాన్‌లో ఒక్కో కీ కింద ఒక్కో టేపు ముక్క ఉండేది. సుమారు 8 సెకన్లకు టేపు అయిపోయేది. కీ వదిలితే టేపు వెనక్కి వచ్చేది. 1967 నాటి బీటిల్స్ 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదట్లో వినిపించే వేణువులు ఆ టేపులవే. చాలని చోటులోనే పని చేసుకున్నారు, కంప్లయింటు ఇచ్చినట్టు లేదు.

ఫోనులో ఇంకో ఆపద ఉంది, దాన్ని కవి ఎత్తలేదు. 2017లో ఐఓఎస్ 11 రాగానే పాత 32 బిట్ల యాపులన్నీ తెరుచుకోవడం మానేశాయి. వాటిలో డబ్బిచ్చి కొన్న వాద్యాలూ ఉన్నాయి. ఎం1 కీబోర్డు కొన్నవాడు ఇవాళ కూడా ప్లగ్గు పెట్టి వాయించుకోగలడు.

ఛందస్సు: ఆటవెలది. మూడో పాదాంతంలోని 'వచ్చెను', నాలుగో పాదాదిలోని 'ఏది' మధ్య సంధి చేయకపోవడం దోషమే. నోటిఫికేషన్ రాగానే యాపు ఆగిపోయింది గనుక కవి కూడా ఆగాడని సర్దుబాటు.

ఏది చెరపవలెనొ: 'ఏది కొనగవలెనొ' అని పాఠాంతరం. యాపు ఉచితం, లోపలి వాద్యాలు మాత్రం విడివిడిగా కొనాలి అన్న ఏర్పాటును చూసినవారు ఈ పాఠాన్ని ఇష్టపడతారు. గణాలు రెంటికీ సరిపోతాయి. అయినా 'చెరప' అన్నదే గ్రాహ్యం. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబుంది. కొన్న వాద్యాల్ని చెరిపినా, అంగడి తెరిచి ఉన్నంతకాలం మామూలుగా మళ్లీ ఉచితంగా దించుకోవచ్చు. మీరు రికార్డు చేసుకున్నవి అలా రావు. ఫోనుకు మైకు ఉందన్న సంగతిని పద్యం మరచిపోయింది గాని, శాంపిల్ యాపుల అసలు బలం అక్కడే ఉంది. కోలా శాంప్లర్ వంటి చిన్న యాపు తెరిచి, బోనాల్లో డప్పు దెబ్బను, ఇంట్లో రోటి పోటును, పక్కింటి కుక్కర్ కూతను పట్టుకుని అక్కడికక్కడే కీల మీద పరిచి వాయించవచ్చు. అవి ఏ కంపెనీ భాండారంలోనూ ఉండవు. వాటిని వేరేచోట కాపీ చేసుకుని, ఫోనులోంచి ముందు వీణను తీసేయండి. కవి వెనకాడుతున్నది బహుశా దానికి పెట్టిన డబ్బు గుర్తొచ్చి.