మెంతులు వేశాడా, లేదా?

మా బావమరిది వెబ్‌సైట్‌కి పద్నాలుగు నెలలు నిండాయి. పిల్లాడైతే ఈపాటికి తప్పటడుగులు వేసుకుంటూ గుమ్మం దాటేవాడు. ఇదింకా లోడవుతూనే ఉంది.

ఈ సైటు పుట్టుకకు కారణం ఒక ఆన్‌లైన్ కోర్సు. నిద్రపోతూ కూడా సంపాదించడం ఎలాగో నేర్పుతారట. ఫీజు 14,999 రూపాయలు. ఆ ఒక్క రూపాయీ తగ్గించడం వాళ్ల దయాగుణం. కోర్సు చెప్పినాయన తన ఆస్తంతా వెబ్‌సైట్ల మీద సంపాదించిందే అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. వెబ్‌సైట్ మీద ఎలా సంపాదించాలో చెప్పే కోర్సుని వెబ్‌సైట్లో పెట్టి అమ్ముకున్నాడు. మావాడికి పాఠం సగం వంటబట్టింది. నిద్ర వరకూ వచ్చేసింది, సంపాదనే రావాలి.

‘కంటెంట్ ఈజ్ కింగ్ బావా’ అన్నాడు ప్రారంభోత్సవం నాడు. బిల్ గేట్స్ 1996 జనవరిలో రాసిన వ్యాసం పేరది. మావాడి సైట్లో రాజుగారు లేరని నేననను. కోట చుట్టూ కందకాలు, కందకాల్లో మొసళ్లు, మొసళ్ల నోట్లో రమ్మీ ప్రకటనలు ఉన్నాయి కాబట్టి ఆయన దర్శనం చేసుకున్నవాళ్లెవరూ నాకు తగల్లేదు.

మా అత్తగారు చేసుకుందామనుకున్నారు.

ఆవిడకి ఫోనంటే బెరుకేమీ లేదు. పంచాంగం ఫోన్లోనే చూస్తారు, మనవడితో వీడియో కాల్ మాట్లాడుతూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు. కొడుకు గోంగూర పచ్చడి మీద వ్యాసం రాశాడని ఎవరో చెబితే ఆశ్చర్యపోయారు. ‘స్టవ్వు వెలిగించడం రానివాడు పచ్చడి గురించి ఏం రాశాడబ్బా’ అని కళ్లజోడు తెచ్చుకుని సోఫాలో కూర్చున్నారు. ఆవిడ తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. మెంతులు వేశాడా, లేదా? వేస్తే తన పెంపకం. వేయకపోతే వాళ్ల నాన్నగారి వైపు పోలిక.

శీర్షిక ఇలా ఉంది: ‘గోంగూరలో ఇదొక్కటి కలిపితే.. ఇరుగుపొరుగు షాక్!’

ఆ మధ్యనున్న రెండు చుక్కలు గమనించారా? తెలుగు అంతర్జాలం మొత్తం ఇవాళ ఆ రెండు చుక్కల మీదే నిలబడి ఉంది. మామూలుగా శీర్షిక అంటే లోపలేముందో చెప్పేది. ఇప్పుడు లోపలేముందో చెప్పకుండా దాచేదాన్ని శీర్షిక అంటున్నారు. ‘ఈ ఫొటోలో ఉన్న చిన్నారి ఎవరో గుర్తుపట్టారా?’ అంటారు. గుర్తుపట్టలేదు నాయనా, ఆరునెలల పిల్లలందరూ నాకు ఒకేలా ఉంటారు. ‘ఆ స్టార్ హీరోయిన్ సంచలన నిర్ణయం’ అంటారు. లోపలికి పోతే ఆవిడ జుట్టు కత్తిరించుకుని ఉంటుంది. ‘ఈ ఆకు నమిలితే షుగర్ పరార్’ అంటారు. పేరు చెప్పని ఆ ఆకు కోసం మా వీధి పెద్దాయన మూడు సైట్లు తిరిగి చివరికి కరివేపాకని తెలుసుకుని, అప్పటికే పెరిగిన బీపీకి వేరే ఆకు వెతుక్కున్నాడు. పత్రికాఫీసుల్లో ఒకప్పుడు శీర్షిక పెట్టడానికి సబ్ ఎడిటర్లు తల పట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పని పాఠకుడికి బదిలీ అయింది.

సరే, అత్తగారు శీర్షిక మీద నొక్కారు. ముందు కుకీలకి ఒప్పుకుంటారా అని అడిగింది. ‘బిస్కట్లేమిటి మధ్యలో’ అని ఒప్పేసుకున్నారు. తర్వాత నోటిఫికేషన్లు పంపమంటారా అంది. ఈమెయిల్ ఇవ్వమంది. వాట్సాప్ చానల్‌లో చేరమంది. అప్పుడొచ్చింది పేజీ నిండా పరుచుకుని ఒక పాప్‌అప్. దాన్ని మూసే ఇంటూ గుర్తు నువ్వుగింజంత ఉంది, అదీ లేతబూడిద రంగు మీద తెల్లగా. మా అత్తగారిది బియ్యంలో రాళ్లేరిన చెయ్యి కాబట్టి పట్టేశారు.

ఈ పాప్‌అప్‌కి ఒక కథ ఉంది. తొంభైల్లో ట్రైపాడ్ అనే కంపెనీలో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ దాని కోడ్ రాశాడు. ఒక కార్ల కంపెనీ ప్రకటన ఆ కంపెనీకి ఇబ్బంది కలిగించే పేజీ మీద కనిపించిందట. ప్రకటన వేరు, పేజీ వేరు అనిపించడానికి వేరే కిటికీ తెరిపించారు. 2014లో ఆయనే ది అట్లాంటిక్ పత్రికలో, మా ఉద్దేశం మంచిదే, క్షమించండి అని రాసుకున్నాడు. 2017 జనవరి నుంచి గూగుల్ కూడా, ఫోన్‌లో వచ్చీరాగానే పేజీని కప్పేసే ఇలాంటి వాటిని పెట్టే సైట్లకి వెతుకులాటలో స్థానం తగ్గవచ్చని చెబుతూనే ఉంది. చేసినవాడు లెంపలేసుకున్నాడు, చూపించేవాడు వద్దన్నాడు. మావాడు మాత్రం రెండోది కూడా తగిలించాడు. పాఠకుడు పోబోతుంటే ‘వెళ్లిపోతున్నారా?’ అని దీనంగా అడిగేది. పెళ్లింట్లో తాంబూలం తీసుకుని చెప్పులేసుకుంటున్నవాణ్ణి భోజనం చేసి వెళ్లండని లాగినట్టు. ఇక్కడ భోజనం కూడా లేదు.

పేజీ తెరుచుకోవడం కూడా ఒక క్రతువు. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు కనబడితే మంచిదని గూగుల్ కొలత. మావాడి పేజీలో ముందు బొమ్మ వస్తుంది, తర్వాత ప్రకటన దాన్ని కిందికి తోస్తుంది, ఇంకో ప్రకటన దీన్ని పక్కకి జరుపుతుంది. పల్లెవెలుగు బస్సులో సీటు కోసం జరిగే తోపులాటంతా తెర మీద నడుస్తుంది. ‘ఇంకా చదవండి’ అన్న మీట మీద అత్తగారు వేలు పెట్టబోయేలోగా అది కిందికి జారింది. వేలు పడ్డ చోట రమ్మీ ఉంది. వెనక్కి వద్దామని నొక్కితే మళ్లీ అదే పేజీ. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. వెనక్కి పోనివ్వకుండా చేసే కిటుకు కూడా ఆ కోర్సులో ఒక పాఠమేనట.

‘ఏంట్రా ఇది?’ అన్నారు ఫోన్లో కొడుకుతో.

‘ఎస్ఈఓ అమ్మా. నీకు తెలీదులే.’

‘ఈఓ అంటే తెలీకేం. ఏ దేవస్థానానికి?’

నవ్వాను గానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. గూగుల్ అనే స్వామివారి దర్శనానికి దళారీలు చెప్పే మొక్కుబడులే ఈ విద్య. ఒకే మాట పదిసార్లు జపించాలన్నది అందులో మొదటిది. మావాడి మొదటి వాక్యం చదవండి: ‘గోంగూర పచ్చడి ఎలా చేయాలో తెలుసుకోవాలనుకునే గోంగూర పచ్చడి ప్రియుల కోసం ఈ గోంగూర పచ్చడి వ్యాసంలో గోంగూర పచ్చడి తయారీ విధానం తెలుసుకుందాం.’ విష్ణు సహస్రనామంలోనైనా పేరు మారుతుంది. పైగా పేజీ లోపల కంటికి కనబడని చోట నలభై కీలకపదాలు కుక్కాడు. ఆ కీవర్డ్స్ ట్యాగ్‌ని ర్యాంకుల కోసం పట్టించుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. పూజారి గుడి ఖాళీ చేసి వెళ్లిపోయినా మావాడు కొబ్బరికాయలు కొడుతూనే ఉన్నాడు.

కీలకపదాల తర్వాత చరిత్ర వస్తుంది. గోంగూర అంటే ఏమిటి, మానవ జీవితంలో ఆహారం పాత్ర, ఆకుకూరల వల్ల లాభాలు. ‘ఈ వ్యాసాన్ని చివరివరకూ చదవండి’ అన్న వేడుకోలు మూడుచోట్ల. రాసింది బాగుంటే ఎవరైనా చివరివరకే చదువుతారు కదా, బతిమాలడమెందుకు అని అడిగాను. ‘పాఠకుడు పేజీలో ఎంతసేపుంటే అంత మంచిది బావా’ అన్నాడు. దారి తప్పినవాణ్ణి కూడా అతిథుల లెక్కలో రాసుకునే లాడ్జి ఇది.

నన్ను అడిగితే వీటన్నిటికంటే దారుణం ఇంకోటుంది. వ్యాసానికి తేదీ లేదు. తీసేశాడు. తేదీ ఉంటే పాతబడిపోతుందట. పచ్చడికి పర్లేదు, ఎన్నేళ్లయినా గోంగూర గోంగూరే. అదే సైట్లో ‘రేపు స్కూళ్లకు సెలవు’ అని ఇంకో ముక్క ఉంది. ఏ రేపు? ఏ ఏటి రేపు? ఎప్పటిదో తుపాను సెలవు ఇప్పటికీ ఎవరో పిల్లాడి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది, వాడు ఆ రోజు బడి ఎగ్గొడుతూనే ఉంటాడు. ఒక్క ఆ పిల్లాడి దృష్టిలోనే ఈ సైటు ప్రజోపయోగకరమైనది.

సంపాదన సంగతి అడక్కూడదు గానీ అడిగాను. తెలుగు పేజీలకి గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు 2018లో మొదలయ్యాయి. ఖాతాలో పది డాలర్లు చేరితే చిరునామా సరిచూసుకోవడానికి గూగుల్ ఒక పిన్ నంబరు కవరులో పెట్టి పోస్టులో పంపుతుంది. మావాడికి ఆ కవరు పదకొండో నెలలో వచ్చింది. అంచులకి పసుపు రాసి, వెంకటేశ్వరస్వామి పటం పక్కన ఆనించి పెట్టాడు. డబ్బు చేతికి రావాలంటే వంద డాలర్లు దాటాలి. ఇప్పుడు పదమూడు చిల్లర ఉంది. ఈ వేగంతో పోతే మొదటి జీతానికి మావాడి పిల్లలు బడిలో చేరతారు. మావాడికి పెళ్లి ఇంకా కాలేదు.

అందుకని ఉత్పత్తి పెంచాడు. రోజుకి ముప్పై వ్యాసాలు యంత్రంతో రాయిస్తున్నాడు. ఇలా ర్యాంకుల కోసం గంపగుత్తగా పేజీలు పుట్టించడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ జాబితాలో చేర్చింది. ఆ సంగతి చెబితే ‘అందరూ చేస్తున్నదే’ అన్నాడు. నిజమే. ఆ అందరి వ్యాసాలూ నేను చదివాను. ఇంగ్లిష్ వంటని యంత్రం తెలుగులోకి దింపితే కరివేపాకు ‘కూర ఆకులు’ అవుతుంది, మినప్పప్పు ‘నల్ల గ్రాము’ అవుతుంది, ఉప్పు ‘రుచికి తగిన ఋతువు’ అవుతుంది. తాలింపు వేయమంటే ఆవాల మీద కోపగించమంటుంది. నేనొకసారి ప్రయత్నించాను. ఆవాలు లెక్కచేయలేదు.

ఇంత వెటకారం చేసే హక్కు నాకుందా అంటే, కొంచెం ఆలోచించాల్సిందే. 2008లో నాకూ ఒక బ్లాగుండేది. కూడలి, జల్లెడ అనే సైట్లు మన టపాల్ని కుప్పపోసి చూపించే రోజులు. టపా వేసిన పది నిమిషాలకోసారి కూడలి తెరిచి నా పేరు ఎంత కిందికి పోయిందో చూసుకునేవాణ్ణి. మూలన ఎన్ని దేశాలవాళ్లు వచ్చారో చూపే జెండాల పట్టీ, పేజీ తెరవగానే అడక్కుండా మోగే వేణుగానం, మౌస్ వెంటపడి రాలే నక్షత్రాలు. వ్యాఖ్య రాయబోయినవాడికి వంకర ఇంగ్లిష్ అక్షరాల పరీక్ష. ‘ఆ వర్డ్ వెరిఫికేషన్ తీసేయండి మహాప్రభో’ అని ఒకాయన రాశాడు, ఆ పరీక్ష పాసయ్యి మరీ. నేను రాసిన టపాల్లో ఎక్కువభాగం ‘టెంప్లేట్ మార్చాను, ఎలా ఉంది?’ అన్నవే. ఆఖరి టపా ఏమిటో చెప్పక్కర్లేదు. చచ్చిపోయిన ప్రతి తెలుగు బ్లాగు మీదా అదే సమాధిఫలకం ఉంటుంది: ‘పని ఒత్తిడివల్ల రాయలేకపోయాను. ఇకనుంచి తరచుగా రాస్తాను.’

తర్వాత ఆ బ్లాగుకి సొంత డొమైన్ కొన్నాను, రెన్యువల్ మర్చిపోయాను. గడువు ముగిసిందన్న ఉత్తరాలు నేను తెరవని ఈమెయిల్‌కి వెళ్లాయి. మా నాన్నగారి మీద రాసుకున్న టపా చిరునామా కొడితే ఇప్పుడు పేకాట వస్తుంది. ఆయన జన్మలో ముక్క ముట్టుకోని మనిషి. పేజీల చిరునామాలు మార్చొద్దని వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆ వ్యాసం ఇప్పటికీ అదే చిరునామాలో ఉంది. అదే ఏడాది పుట్టిన ‘ఈమాట’ వెబ్ పత్రిక పాత సంచికలూ ఇప్పటికీ తెరుచుకుంటాయి. అక్కడ ఏ చిన్నారి ఎవరో గుర్తుపట్టమని అడగరు. అలాంటివాళ్లకి కోర్సు పెట్టుకునే తెలివి లేదు, ఏం చేస్తాం.

మళ్లీ సోఫా దగ్గరికొద్దాం. నలభై నిమిషాలైంది. ఈలోగా అత్తగారు ఒక రమ్మీ యాప్ దించుకున్నారు, ఒక ఇన్సూరెన్స్ వాళ్లకి నంబరిచ్చారు, గోంగూర పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నారు. అసలు విధానం బొమ్మ రూపంలో ఉంది. పెద్దది చేస్తే అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లజోడు తీసి ఫోన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో దినుసూ చదివారు. ఎండుమిర్చి ఉంది. ధనియాలున్నాయి. వెల్లుల్లిని ‘లవంగాలు ఎనిమిది’ అని వేశాడు. దాని కింద ఒక్కచోట ఆగిపోయారు.

‘గ్రీకు ఎండుగడ్డి, అర చెంచా.’

మెంతుల ఇంగ్లిష్ పేరుకి లాటిన్‌లో అర్థం సరిగ్గా అదే. యంత్రానికి మెంతులు తెలీదు గానీ లాటిన్ వచ్చు. ఆ సంగతి నేను వివరించబోతే అత్తగారు చెయ్యెత్తి ఆపారు. ఫోన్ని బల్ల మీద బోర్లించి లేచి, కొంగు దోపుకుంటూ వంటింటి వైపు నడిచారు.

‘మెంతులు కాదండీ అల్లుడుగారూ, గడ్డి వేశాడు. రానీండి ఆదివారం. నేను పెడతాను వాడికి.’