ఉన్న రంగు: ఒక కెమెరా ఆత్మకథ

నాకు తెలుపు తెలియదు, నలుపూ తెలియదు. ఎదురుగా ఏమున్నా సరే, దాని వెలుతురంతా కలిపితే సగటున నడిమి బూడిదరంగు వస్తుందని లెక్క కట్టుకోవడం నా పుట్టుకతో వచ్చిన స్వభావం. ఫ్రేము నిండా తెల్లగోడ పెడితే దాన్ని కాస్త ముదురు చేస్తాను. నల్లగొడుగు పెడితే వెలిసిపోయినట్టు చూపిస్తాను. ఇది నా ఒక్కదాని సంగతి కాదు, కెమెరాల్లో వెలుతురు కొలిచే మీటరు ఉన్న దాదాపు ప్రతిదాని సంగతీ ఇంతే. నా బతుకంతా ఈ లక్షణం చుట్టూ, దాన్ని దిద్దడానికి ఒక లెక్కల మాస్టారు పట్టుబట్టి నేర్చుకున్న విద్య చుట్టూ తిరిగింది.

నేను నికాన్ డి90ని. మా మోడల్ 2008 ఆగస్టులో బయటికొచ్చింది. నా పుట్టిల్లు థాయ్‌లాండ్. డిజిటల్ ఎస్సెల్లార్లలో వీడియో కూడా తీయగలిగిన మొదటి మోడల్ మాదే. మాస్టారికి ఆ గొప్ప అక్కర్లేదు. ఆయన ఏలూరులో హైస్కూల్ టీచరు, నన్ను కొన్నది కొల్లేటి పక్షుల కోసం. ఆదివారం తెల్లవారక ముందే స్కూటర్ మీద నన్ను భుజానికి తగిలించుకుని కైకలూరు దగ్గరి ఆటపాకకి బయల్దేరేవారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కించిన సరస్సు కొల్లేరు. ఆటపాకలో గూడబాతులు ఇనప స్టాండ్ల మీద కూడా గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. ఎర్రకాళ్ల కొంగలు పక్కనే నిలబడి రెక్కలు ఆరబెట్టుకుంటాయి. చూసిన ప్రతిసారీ మాస్టారు కాసేపు నన్ను కంటికి ఆనించడం కూడా మరిచిపోయేవారు. అలాంటి మనిషి చేతిలో పడ్డందుకు నాకు సంతోషమే.

నా లోపల ఏముందో చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. లెన్సు వెనక అద్దం, అద్దం వెనక షట్టరు, షట్టరు వెనక వేలి గోరు కన్నా పెద్ద సెన్సర్. దాని మీద అడ్డంగా 4288, నిలువుగా 2848 గళ్లు. ఒక్కో గడీ ఎంత వెలుతురు పడిందో కొలుస్తుందే తప్ప ఏ రంగు వెలుతురో దానికి తెలియదు. అందుకని గళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పరిచారు. సగం గళ్లకి ఆకుపచ్చ, పావు వంతుకి ఎరుపు, మిగతా పావుకి నీలం. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకి 1976లో పేటెంటు పొందాడు. మీ ఫోన్లలో కూడా దాదాపుగా ఇదే ఉంది. అంటే నేను తెచ్చేది బొమ్మ కాదు, అంకెలు. ఆ అంకెల్ని పక్క గళ్లతో పోల్చి, లేని రంగుల్ని లెక్కగట్టి పూరిస్తే తప్ప బొమ్మ తయారవదు. ఎడిటింగ్ ముట్టని డిజిటల్ ఫొటో అని ఒకటి ఈ లోకంలో లేదు. కెమెరాలోని చిప్ చేస్తుందా, మనిషి కూర్చుని చేస్తాడా అన్నదే తేడా.

మాస్టారు నా మెనూలో, ఆ అంకెల్ని బొమ్మగా మార్చకుండా అలాగే దాచే రా ఫైల్ పెట్టి ఇక మార్చలేదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. నా రా ఫైల్లో 4096. ఎందుకంత అవసరమో ఒక పొద్దున కొల్లేటి గట్టు మీద తేలింది. గేదె వీపు మీద తెల్లకొంగ నిలబడి ఉంది. తెలుగువాళ్లు ఊళ్లలో రోజూ చూసే దృశ్యమే, కెమెరాకి మాత్రం అంతకన్నా కష్టమైన పరీక్ష లేదు. ఫ్రేములో ఎక్కువ భాగం గేదె నలుపు. నా మీటరు దాన్ని బూడిద చేద్దామని వెలుతురు పెంచింది. గేదె సున్నం చల్లినట్టు తేలింది, కొంగ ఒంటి మీద ఒక్క ఈక గీత లేకుండా కాగితం ముక్కలా కాలిపోయింది. గడిలో వెలుతురు నిండి పొంగిపోయాక అక్కడ ఇక అంకె మారదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. మాస్టారు నా వెనక తెర మీద వెలుగునీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ చూశారు. గీత కుడి అంచుకి అంటుకుపోయి ఉంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుతురు సగం చేసి, మళ్లీ నొక్కారు. ఈసారి కొంగ ఈకలన్నీ దక్కాయి, గేదె చీకట్లో మునిగింది.

ఇంటికెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చీకటిని విప్పారు. షాడోస్ మీట కొద్దికొద్దిగా జరుపుతుంటే ముందు గేదె వెన్నుగీత కనిపించింది, తర్వాత ఎండి పగిలిన బురద, వెంట్రుకలు, చివరికి చెవికి వేసిన పసుప్పచ్చ బిళ్ల. ఇవన్నీ నేను పొద్దునే చూశాను. అంకెల్లో అట్టడుగున దాచిపెట్టి తెచ్చాను. జేపెగ్ అయితే ఆ అడుగు మెట్లు ఎప్పుడో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఆయన అక్కడితో ఆగారు. ఇంకా లాగితే గింజలు గింజలుగా నాయిస్ వస్తుంది, పైగా గేదె గేదెలా ఉండదు. మాస్టారి మనసుకి తగిన కొలత అది: పొద్దున గట్టు మీద నిలబడి కళ్లతో చూసినంత వరకే.

ఆయన వాడే సాఫ్ట్‌వేర్ రా థెరపీ. పైసా పెట్టక్కర్లేదు, 2010 నుంచి దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. అసలు ఫైలుని అది ముట్టుకోదు. చేసిన మార్పులన్నీ పక్కన ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది. నచ్చకపోతే చెరిపేసి మొదటికి రావచ్చు. అందులో మాస్టారికి ప్రాణం కర్వ్. అడ్డగీత మీద ఫైల్లో ఉన్న వెలుగు, నిలువుగీత మీద తెరపై చూపించాల్సిన వెలుగు. మూల నుంచి మూలకి తిన్నటి గీత ఉంటే ఏ మార్పూ లేనట్టు. మధ్యలో పట్టుకుని పైకి వంచితే నడిమి రంగులు తేలుతాయి, రెండు కొసలూ కదలవు. బడిలో ప్రమేయాల పాఠం వచ్చినప్పుడు ఆయన ఈ గీతనే బోర్డు మీద గీసి, ఒకే ఫొటోని మూడు రకాల వంపులతో ప్రింటు తీసి పిల్లల చేతికిచ్చేవారు. లెక్క మనిషి మొహం మీద ఏం చేస్తుందో పిల్లలు కళ్లారా చూశారు. నన్నడిగితే పదో తరగతి పుస్తకంలో వేయాల్సిన పాఠమది.

ఎడిటింగ్ అంటేనే మోసమని అనేవాళ్లు మాస్టారికి చాలామంది ఎదురయ్యారు. ఆ మాట చరిత్ర తెలియక అనేది. ఆస్కార్ రేలాండర్ ముప్పైకి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే ప్రింటు చేసింది 1857లో. నోల్ అన్నదమ్ముల ఫొటోషాప్ అమ్మకానికి వచ్చింది 1990లో. ఆ మధ్యకాలమంతా మన ఊళ్ల స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు చెరిపినవాళ్లున్నారు, నలుపు తెలుపు ఫొటోలకి కుంచెతో రంగులద్దినవాళ్లున్నారు. ఆరో నిజాం మెచ్చిన రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన నాడు కూడా మంచి ఫొటో సగం కెమెరాలో, సగం డార్క్‌రూమ్‌లో తయారయ్యేది. దిద్దడం తప్పు కాదు. దేన్ని దిద్దుతున్నాం, ఎటువైపు దిద్దుతున్నాం అన్నదే అడగాల్సిన ప్రశ్న. నా మీటరు చేసిన తప్పుని దిద్దితే అది న్యాయం. మనిషి ఒంటి రంగునే తప్పనుకుని దిద్దితే అది అన్యాయం.

ఈ మాట అనడానికి నాకొక కారణం ఉంది. మాస్టారి చెల్లెలి ఇంట్లో మేనల్లుడు నన్ను తీసుకుని వాళ్లక్కకి ఫొటో తీశాడు. సున్నం వేసిన గోడ, పైన ట్యూబులైటు, ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. చామనఛాయ, జడనిండా మల్లెపూలు, చెవులకి జూకాలు. ఫ్రేములో ముప్పాతిక గోడే. నా మీటరు తెల్లగోడని బూడిద చేయడానికి వెలుతురు తగ్గించింది. గోడతో పాటు పిల్ల మొహమూ ముదిరిపోయింది. పైగా ట్యూబులైటు ఆకుపచ్చ జీర. సాయంత్రం మాస్టారి చెల్లెలు వచ్చి, "అన్నయ్యా, సంబంధం వాళ్లకి పంపాలి. పిల్ల మరీ నల్లగా పడింది, కాస్త తెల్లగా చేసియ్యి" అంది. ఇలాంటి మాట తెలుగిళ్లలో ఎన్ని వేలసార్లు అని ఉంటారో! నల్లగా పడేసింది గోడా, నేనూ. నింద మాత్రం పిల్ల ఒంటికి అంటుకుంది.

మాస్టారు ముందు వైట్ బ్యాలెన్స్ పట్టుకున్నారు. గోడ మీద గురి పెట్టి ఇదే తెలుపు అని చెబితే మొహం పసుపుకి తిరిగింది. సున్నంలో నీలిమందు కలిపారని అప్పుడు తెలిసింది. గురి మార్చి మల్లెపూల మీద పెట్టారు. పచ్చజీర విడిపోయింది, చెంపల్లో ఎరుపు, నుదుటి మీద గోధుమవన్నె వాటి చోటికి అవి వచ్చాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్‌కి కొంచెం తక్కువగా పెంచారు. గోడ తెల్లబడింది, పిల్ల తన రంగులోకి వచ్చింది. ఆయన మౌస్ వదిలేశారు.

"ఇంకాస్త, అన్నయ్యా," అంది చెల్లెలు. ఆయన కాదనలేదు. ఆవిడ చూస్తుండగానే మీట ఇంకా జరిపారు. జూకాల బంగారం వెలిసి ఇత్తడి అయింది, అంచుల్లో పనితనం మాయమైంది. బొట్టు ఎరుపు గులాబీరంగుకి దిగింది. గడ్డం కింద, ముక్కు పక్కన మొహానికి ఆకారమిచ్చే నీడలు పోయి మొహం బల్లపరుపుగా తయారైంది. ఆ మీటతో చర్మాన్ని ఒక్కదాన్నే తెల్లబరచడం కుదరదు, దాని చుట్టూ ఉన్న అందమంతా మూల్యంగా చెల్లించాలి. మాస్టారు మేనకోడల్ని పిలిచి చెయ్యి తెర పక్కన పెట్టమన్నారు. రెండు బొమ్మలూ మార్చి మార్చి చూపించారు. "మావయ్యా, ఈ రెండోది ఎవరో నాకు తెలీదు. మొదటిది నేను. అదే పంపించండి," అంది ఆ పిల్ల. ఆ మొదటిదే పంపారు. సంబంధం కుదిరిందా లేదా అన్నది ఆ కుటుంబం సంగతి, నేను చెప్పను. ఆమెని ఆమెలా చూపించగలిగాను, నాకు అదే గౌరవం.

ఆ తర్వాత ఒక బంధువుల పెళ్లికి వెళ్లాం. మాస్టారు సరదాగా కొన్ని తీశారు, అసలు ఆల్బమ్ వేరే స్టూడియోవాళ్లు చేశారు. వచ్చాక ఇంట్లో అందరూ ముచ్చటపడి చూస్తున్నారు. పెళ్లికూతురి మొహం పాలరాయి, గోరింటాకు పెట్టిన చేతులు మాత్రం గోధుమరంగు, మెడ దగ్గర రెండూ కలిసే చోట గీత గీసినట్టు తెలుస్తోంది. పక్కనున్న వాళ్ల నాయనమ్మని కూడా వదల్లేదు. ఎండలో కళ్లం తొక్కించిన ఆవిడ ముడతలు నున్నగా చెరిపేశారు. ఆ ముడతల్లో ఉన్న బతుకు చెరిపే హక్కు ఎవరిచ్చారు? నాకు కోపమొచ్చింది, ఇప్పటికీ పోలేదు.

యంత్రాల వైపు నుంచి కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఫిలిం రోజుల్లో ప్రింటింగ్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి ‘షెర్లీ కార్డు’ అని ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ వాడేవారు. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు. మన రంగు ఆ కొలతలో లేదు. చాక్లెట్ కంపెనీలు, చెక్కసామాను తయారుచేసేవాళ్లు మా గోధుమరంగులు సరిగ్గా రావట్లేదని అడిగాకే ఫిలిం మెరుగుపడింది. ఫోన్లలో అన్ని ఛాయల చర్మాన్నీ ఉన్నదున్నట్టు చూపించే ప్రయత్నమని గూగుల్ తన పిక్సెల్ 6తో ప్రకటించింది 2021లో. అంత ఆలస్యంగానైనా మొదలైంది. కానీ చాలా ఫోన్లలో అడక్కుండానే మొహం నున్నగా, తెల్లగా చేసే బ్యూటీ మోడ్‌లూ ఉన్నాయి. పదేళ్ల పిల్ల సెల్ఫీ తీసుకుని ముందు ఆ మీట కోసం వెతుకుతుంటే, ఆమెకి తన మొహం మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

నా షట్టరుని లక్షసార్లకి పరీక్షించి పంపారు. ఇప్పుడు మా మోడల్ తయారీలో లేదు. మాస్టారు రిటైరయ్యారు, వానాకాలం లెన్సుకి బూజు పట్టకుండా సిలికాజెల్ పొట్లాలేసిన డబ్బాలో నన్ను పెడతారు. చలికాలం పక్షులొస్తే మళ్లీ బయటికి తీస్తారు.

మీకు చెప్పాల్సింది ఇది. ఇంట్లో పెళ్లికో, ఓణీల ఫంక్షన్‌కో ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకునేటప్పుడు ఒప్పందంలోనే రాయించండి: రంగు జీరలు దిద్దండి, వెలుతురు దిద్దండి, మొహాలు తెల్లబరచొద్దు. రా ఫైళ్లు కూడా అడిగి తీసుకుని రెండు చోట్ల దాచండి. ఫోన్ కొన్న రోజునే కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి బ్యూటీ మోడ్ ఆపేయండి. పిల్ల ఫొటోలో నల్లగా పడితే ముందు వెనకున్న గోడని చూడండి.