బరోలో బాబాయి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం... ఊరేదైనా కానివ్వండి. రొయ్యల చెరువులు కలిసొచ్చి, కొడుకు అమెరికాలో స్థిరపడిన ప్రతి పేటలోనూ ఈయన ఒకడుంటాడు. మునుపు ఖాళీ విస్కీ సీసాల్లో మనీప్లాంటు పెంచేవాడు. ఇప్పుడు ఇటలీ ఎర్ర వైన్ సేకరిస్తున్నాడు. తాగడానికి కాదండోయ్, దాచడానికి.

కొడుకు వచ్చినప్పుడల్లా రెండేసి సీసాలు తెస్తాడు. కస్టమ్స్ వాళ్లు మనిషికి రెండు లీటర్లు వదులుతారు, సీసాకి పట్టేది ముప్పాతిక లీటరు. మిగతా అరలీటరు ప్రతిసారీ దండగైపోతోందని బాబాయికి దిగులు. మొదటి బరోలో సీసా చేతిలో పెట్టగానే, "ఇది ఎన్ని కౌంటురా?" అన్నాడు. రొయ్యలు కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు, కౌంటు తగ్గేకొద్దీ రేటు. దీనికి కౌంటుండదు నాన్నా, ఏడాది ఉంటుంది, మంచి ఏడాదిదైతే పాతబడేకొద్దీ రేటు అని చెప్పాడు కొడుకు. పియడ్మాంట్ కొండల్లో నెబియోలో ద్రాక్షతో చేసే ఈ బరోలోని 38 నెలలు మగ్గపెట్టందే అమ్మకూడదని అక్కడి చట్టం. అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. రిజర్వా అని రాయాలంటే 62 నెలలు. "నాలుగు నెలల్లో పంట తీసి లారీకెత్తేవాళ్లం, మనకంత ఓపికెక్కడిదిరా" అన్న బాబాయే, మర్నాటి నుంచి ఓపిక గురించి ఊరందరికీ చెప్పడం మొదలెట్టాడు.

వైన్‌కి చీకటి కావాలి, పన్నెండు పద్నాలుగు డిగ్రీల చల్లదనం కావాలి. మనకేమో రోహిణీ కార్తె. అందుకని ఇనప బీరువాలో, పట్టుచీరల కింద, కలరా ఉండల వాసనలో సీసాల్ని పెట్టి, ఆ గదికి ఏసీ బిగించాడు. "సీసాలకి ఏసీ, నాకు ఫ్యానూనా?" అని పిన్ని. బిరడా ఎండిపోకూడదని ఆయన పడుకోబెడతాడు. పడిపోయాయనుకుని పనిమనిషి నిలబెడుతుంది.

ఏళ్లు గడిచేకొద్దీ బిరడా సందుల్లోంచి వైన్ కాస్త కాస్త ఆవిరవుతుంది. మట్టం మెడ దాకా ఉందా, భుజానికి దిగిందా అని లండన్ వేలం జాబితాల్లో సీసా సీసాకీ రాస్తారు. బాబాయికి అది తెలియక, బాల్‌పెన్నుతో గీత పెట్టుకున్నాడు. గీత కిందికి దిగగానే డ్రైవరుని పిలిచాడు.

"అంత వగరు ఎవడు తాగుతాడండీ బాబూ!"

"వగరని నీకెలా తెలిసిందిరా?"

"సంక్రాంతికి చిన్నబాబుగారు పోశారండి."

దాంతో కేసు డ్రైవరు మీంచి కొడుకు మీదికి మారింది.

వేలం మాటెత్తితే మాత్రం ఆయన్ని పట్టలేం. వాళ్ల నాన్నగారు సారా పాటల్లో పేరు మోసిన మనిషి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లతో రాజుకున్న ఉద్యమం ఆ పాటల్నే అడ్డుకుంది. 1993లో సారా పోయింది, 1995లో మద్యమంతా నిషేధమైంది. 1997లో నిషేధం ఎత్తేసేదాకా ఇంట్లో సీసా దాచాలంటే భయం, ఇప్పుడు దాచడమే గొప్ప. (ఉద్యమం చేసిన ఆడవాళ్లు ఈ బీరువా చూస్తే ఏమంటారో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు.)

"యానాంలో పులసకి పాట పెట్టగా లేంది, నా బరోలోకి పెడితే తప్పేంటి?" అంటాడు. పులస ఎర్రనీటితో వచ్చిన పూటే అమ్ముడుపోవాలి, ఇది పాతికేళ్లు ఆగినా పర్లేదు కాబట్టి పాటకి ఇదే మేలని వాదన. లైసెన్సు లేకుండా సీసా అమ్మితే ఎక్సైజు వాళ్లు ఆ బీరువాతో సహా పట్టుకుపోతారని ప్లీడరుగారు చెప్పాక, పాట అరుగు మీదికి మారింది. ఉత్తుత్తి పాట.

సాయంత్రం అయ్యేసరికి జనం చేరతారు. రిటైర్డు హెడ్మాస్టరుగారు యాభై వేలంటారు, ఇచ్చేది లేదు గనక. ఎరువుల కొట్టాయన అరవై. బాబాయి వాళ్ల నాన్నగారి ఫక్కీలో "ఒకటోసారి... రెండోసారి..." అని, సొంత సీసా పరాయివాడి పాలవుతోందన్న బెంగతో తనే డెబ్బై అంటాడు. ఎవరూ పలకరు. మళ్లీ మొదలు. "ఒకటోసారి... రెండోసారి..."

"మూడోసారి!" అని వంటింట్లోంచి పిన్ని అరుస్తుంది. "మీకే వచ్చింది గానీ, చేపల పులుసు చల్లారిపోతోంది, రండి."