బ్లూటూత్ పేరయ్య

పెళ్ళిళ్ళ పేరయ్యల కాలం పోయిందని వాపోయేవాళ్ళు లినక్స్ కంప్యూటరు ముందు కూర్చున్న ఇంజినీరింగ్ కుర్రాణ్ణి ఒక్కసారి చూడాలి. కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి కొన్న బొటనవేలంత హెచ్‌సీ-05 బ్లూటూత్ ముక్కనీ తన ల్యాప్‌టాప్‌నీ కలిపేదాకా అతనికి అన్నం సయించదు. మౌసు ముట్టడు. నల్లతెర మీద బ్లూటూత్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం తెరిచి, 'స్కాన్ ఆన్' అని సంబంధాల వేట మొదలెడతాడు. పక్కింటి టీవీ, పై వాటా వాళ్ళ ఇయర్‌ఫోన్లు, ఎవరిదో వాచీ, అన్నీ జాతకాలు పంపేస్తాయి. వాటిలోంచి తన ముక్క చిరునామా ఏరి 'పెయిర్' అంటాడు. పిన్ 1234. ఈ జాతి ముక్కలు పుట్టుకతో తెచ్చుకునే రహస్యం అదే, దేశమంతటికీ తెలిసినదే. ఆపైన 'ట్రస్ట్'. నమ్మకాన్ని ముందే రాయించుకునే పెళ్ళివారు ఇంకెక్కడా ఉండరు.

ఇదంతా వేగం కోసమేనని అతను చెబుతాడు. నమ్మకండి. ఉత్సాహంగా 'కనెక్ట్' కొడితే చాలాసార్లు తప్పు చూపిస్తుంది. హెడ్‌ఫోన్లను అందుకునే ఆ ఆజ్ఞకు సీరియల్ ముక్కను ఏం చేయాలో తెలియదు. దానికి ఆర్‌ఎఫ్‌కామ్ అనే వేరే ఆజ్ఞ ఉంది. లినక్స్‌కు బ్లూటూత్ సరంజామా రాసే బ్లూజ్ వాళ్ళు 2017లోనే దాన్ని పాతసామాను కింద జమకట్టారు, మనవాడు అటకమీంచి దింపుకుంటాడు. 'బైండ్' అనగానే రేడియో పలకదు, ఒక ఉత్తుత్తి పోర్టు మాత్రం పుడుతుంది. దాన్ని తెరవబోతే అనుమతి లేదంటుంది. డెబియన్, ఉబుంటుల్లో అయితే 'డయలౌట్' అనే సంఘంలో చేరాలి. ఫోను తీగమీద మోడెమ్‌లు కూసిన రోజుల పేరది. ఇంట్లో ల్యాండ్‌లైనే చూడని కుర్రాడు దాంట్లో సభ్యుడై, లాగౌట్ అయి మళ్ళీ వస్తాడు. అప్పుడు పికోకామ్ అనే ప్రోగ్రాంతో పోర్టు తెరిస్తేనే అసలు పిలుపు వెళుతుంది. అంతదాకా గబగబా కొట్టుకున్న ఎర్రదీపం రెండు మిణుకులు, ఒక విరామంగా కుదుటపడుతుంది. అతని మొహం కూడా.

మౌసుతో రెండు నొక్కుల్లో పోయేదానికి ఇంత తంతు ఎందుకంటారా? బొమ్మల కిటికీ 'కుదరలేదు' అని ఊరుకుంటుంది. నల్లతెర ఎందుకు కుదరలేదో కాస్తయినా చెబుతుంది. ఈ ఒక్క మాటలో న్యాయం అతనివైపే ఉంది. ఆజ్ఞలన్నీ ఒక స్క్రిప్టులో రాసి పడేస్తే రేపు క్షణంలో అయిపోతుందన్న వాదనా ఉంది. నిజమే, రాస్తాడు కూడా. కానీ రేపు ఆ స్క్రిప్టు పనిచేస్తే దిగాలు పడి, దాన్నే సవరించడానికి కూర్చుంటాడు. సంబంధం దానంతటది కుదిరిపోతే పేరయ్యకేం పని?

అతనికి కావలసింది సమాచారం కాదనడానికి బల్లమీదే సాక్ష్యం ఉంది. స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్సన్ ఇంజినీర్లు 1994లో బ్లూటూత్ పని చేపట్టింది పరికరాలను కలిపే ఆర్‌ఎస్-232 తీగల పీడ వదిలించుకోవడానికి. మరి ఆ బ్లూటూత్ ముక్కను తగిలించిన మనవాడి ఆర్డుయినో బోర్డుకు కరెంటు ఎక్కణ్ణుంచి? అదే ల్యాప్‌టాప్‌నుంచి, జానెడు యూఎస్‌బీ తీగమీద. గాలిలో తెప్పించడానికి అతను రెండు గంటలు తంటాలుపడ్డ, ఆ బోర్డు కొలిచే ఉష్ణోగ్రత అంకెలు ఆ తీగమీదే ఎప్పుడైనా వచ్చేవి. బయట పెట్టబోయే పరికరానికి ఇది కసరత్తని అడ్డుపడవచ్చు. కావచ్చు, కానీ ఆ పరికరం బల్ల దిగిన దాఖలా తక్కువ.

తెరమీద 31.2 పడుతుంది. మరో వరుస, 31.2. నెత్తిమీద ఫ్యాను వేసుకోమని ఆ అంకె మొరపెడుతూనే ఉంది. మూడో వరుస దాకా మురిపెంగా చూసి, కంట్రోల్-ఏ, కంట్రోల్-ఎక్స్ కొట్టి తెర మూసేస్తాడు. ఎర్రదీపం మళ్ళీ గబగబా కొట్టుకుంటుంది.